మల్లెపాదుకి పోసిన నీళ్ళు

ఇలా దగ్గరికి జరగండమ్మా. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చి కూర్చోండి, ఇది నిలబడి వినే కథ కాదు. తలా ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చుకుని పక్కన పెట్టుకోండి. ఎందుకో వినగా వినగా మీకే తెలుస్తుంది.

గుణదలలో, కొండకి ఇవతలి సందులో శాలిని అని ఒక ఇల్లాలు ఉంది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. పొడగరి, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర నాలుగంతస్తుల బట్టల షాపులో, పట్టుచీరల సెక్షన్‌లో పని. భర్త యేసుకుమార్ ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. కూతురు అక్షయ తొమ్మిదో తరగతి. ఇంటికి పెద్దదిక్కు అత్తగారు శౌరమ్మ.

పొద్దున శాలిని బయల్దేరే వేళకి ఆ ఇంట్లో ఒక ముచ్చట జరిగేది. శౌరమ్మ గూట్లో ఉన్న జాడీ దించి, మూత తీసి, రెండు ఉసిరి ఒరుగులు కాగితంలో చుట్టి కోడలి చేతిలో పెట్టేది. ఉప్పులో ఊరవేసి, మేడ మీద ఎండబెట్టిన ముక్కలు. "బుగ్గన పెట్టుకో అమ్మాయ్, దాహం తెలీదు" అనేది. శాలిని సంచీలో లీటరు నీళ్ళ సీసా కూడా ఉండేది. పొద్దున నిండుగా వెళ్ళేది, రాత్రి నిండుగా తిరిగొచ్చేది. ఇంట్లో అడుగుపెట్టేముందు శాలిని ఆ నీళ్ళని గుమ్మం పక్కనున్న మల్లెపాదుకి పోసేది. ఆ పాదు ఎంత పచ్చగా పెరిగిందంటే, వీధిలో వాళ్ళు వచ్చి కొమ్మ అంటుకి అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు.

చూశారా, ఇందులో తప్పేం కనపడుతోంది? అత్త కోడలికి ఒరుగు ఇచ్చింది, కోడలు మొక్కకి నీళ్ళు పోసింది. చూడముచ్చటగా ఉంది కదూ. అసలు రోగం అక్కడే దాక్కుందమ్మా, ఆ ముచ్చట్లోనే.

శౌరమ్మ కంకిపాడు అవతల పల్లెలో పుట్టి, పన్నెండో ఏట నుంచి నలభై ఏళ్ళు వరినాట్లు వేసిన మనిషి. ముప్పై మంది ఆడవాళ్ళ ముఠాకి పెద్దగా ఉండేది. డెల్టా పొలాలు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి తెలుసు. కంటికి ఆనినంత దూరం నీళ్ళు నిలిచిన చదును నేల, చాటుకి పొద కూడా ఉండదు. గట్టు మీద రైతు గొడుగేసుకుని నిలబడి ఉంటాడు, నారుకట్టలు అందించే మగవాళ్ళు అటూ ఇటూ తిరుగుతుంటారు. పిక్కల లోతు నీళ్ళలో నిలబడ్డ ఆ ఆడవాళ్ళు పొద్దుగూకేదాకా గుక్కెడు నీళ్ళు తాగేవాళ్ళు కాదు. తాగితే పోవాలి, పోవడానికి చోటు లేదు. అందుకని ఒరుగు ముక్క బుగ్గన పెట్టుకునేవాళ్ళు. నోరు ఊరుతుంది, దాహం మరుపున పడుతుంది. ఈ ఉపాయం శౌరమ్మకి వాళ్ళమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. కోడలు మొదటిసారి షాపు పనికి వెళ్ళిన రోజున శౌరమ్మ తన దగ్గరున్న మంచి వస్తువు ఇచ్చినంత ప్రేమగా దాన్నే ఇచ్చింది.

అయితే షాపులో నాట్లు వేయరు కదా, గట్టూ రైతూ ఉండరు కదా, అక్కడేమొచ్చింది అంటారా? చెబుతాను.

పట్టుచీరలు మూడో అంతస్తు. పనిచేసే పద్నాలుగు మంది ఆడవాళ్ళకి బాత్రూం నాలుగో అంతస్తులో ఒక్కటే, స్టాకు రూముని ఆనుకుని. కింద కస్టమర్లకని ఒకటి ఉంది గానీ, దాన్ని పనివాళ్ళు వాడకూడదు. పైకి వెళ్ళాలంటే ముందు ఫ్లోర్ ఇన్‌ఛార్జి లక్ష్మీకాంత్ టేబులు దగ్గరికి వెళ్ళాలి. ఆయన వెనక గోడకి మేకు, ఆ మేకుకి ఎర్ర రిబ్బను కట్టిన, చిన్న పళ్ళెమంత చెక్కబిళ్ళ ఒకటి వేలాడుతూ ఉంటుంది. "సార్, బిళ్ళ" అని అడిగి, అది చేత్తో పట్టుకుని, చీరలు చూస్తున్న జనం మధ్యలోంచి నడిచి మెట్లెక్కాలి. లక్ష్మీకాంత్ చెడ్డవాడు కాదు. తిట్టడు, కసరడు. చేతి గడియారం వంక ఒక్కసారి చూస్తాడు, అంతే. పైన స్టాకు రూములో చీరలు మడతపెట్టే కుర్రాళ్ళు ఆ బిళ్ళకి టికెట్టు అని పేరుపెట్టారు. "టికెట్టు తీసుకున్నట్టున్నారు మేడం, ఏ ఊరు ప్రయాణం?" అని ఒకడంటాడు, మిగతావాళ్ళు నవ్వుతారు.

ఆ గడియారం చూపుకీ, ఆ నవ్వుకీ భయపడి మూడో అంతస్తు ఆడవాళ్ళంతా నీళ్ళు తాగడం మానేశారు. తాగొద్దని ఒక్కరూ చెప్పలేదు. గోడ మీద రాయలేదు. ఎవరికి వాళ్ళే మానేసి, అదేదో తమ సొంత అలవాటు అనుకున్నారు.

ఏడాది తిరిగేసరికి శాలినిలో మార్పొచ్చింది. మధ్యాహ్నం మూడు దాటితే తలనొప్పి. నాలుగు దాటితే చిరాకు. తోటి సేల్స్ గర్ల్ హెప్సిబా ఇరవై రెండేళ్ళ పిల్ల, నోరు ఊరుకోదు. "అక్కా, సాయంత్రమయ్యేసరికి ధర్మవరం పట్టుకన్నా నువ్వే బిరుసుగా ఉంటావు" అనేది. ఒక కస్టమరు ఫిర్యాదు చేసింది. లక్ష్మీకాంత్ పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. "శాలిని గారూ, చీర చూసేముందు జనం మీ ముఖం చూస్తారండీ. కాస్త నవ్వుతూ ఉండండి."

ఇంటికొస్తే దువ్వెన కనపడలేదని కూతురి మీద విరుచుకుపడేది. "మీ అమ్మకి ఏసీ గాలి తగిలి పొగరెక్కిందే" అని యేసుకుమార్ ఎగతాళి చేసేవాడు. కోడలి గుణం మారిందని శౌరమ్మ లోలోపల బాధపడేది. దాహం వేసిన మనిషికి గుణం ఎక్కణ్ణుంచి వస్తుందని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత మంటలు మొదలయ్యాయి. ఆడవాళ్ళందరికీ తెలుసులెండి, ఎక్కడో చెప్పక్కర్లేదు. "ఒంట్లో వేడి చేసింది" అంది శౌరమ్మ. సబ్జా గింజలు నానబెట్టింది, బార్లీ కాచింది, కొబ్బరిబోండాం తెప్పించింది. శాలినికి మంగళవారం సెలవు. ఆ ఒక్కరోజూ ఇంట్లో ఉండి అవన్నీ తాగితే సాయంత్రానికి తగ్గేది, శనివారానికి మళ్ళీ మొదలయ్యేది. ఒకసారి జ్వరం వచ్చి మందుల షాపువాడిచ్చిన మాత్రలతో తగ్గింది. రెండోసారి ఆసుపత్రికి వెళితే యూరిన్ ఇన్ఫెక్షన్ అని మందులిచ్చి పంపారు. శౌరమ్మ మేరీమాతకి మొక్కుకుంది. మొక్కుకుంది గానీ పొద్దున ఒరుగులు ఇవ్వడం మానలేదు. ఆవిడ దృష్టిలో రోగానికీ ఒరుగుకీ సంబంధం లేదు మరి.

గుణదల తిరునాళ్ళు అయిన మరుసటి వారం, పెళ్ళిళ్ళ సీజను. మైలవరం నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు, పన్నెండు మంది. శాలిని ఒక గంధంరంగు చీర భుజం మీద వేసుకుని కొంగు పరిచి చూపిస్తోంది. పెళ్ళికూతురు మేనత్త "ఆ అంచు ఇంకాస్త పైకి పట్టుకో అమ్మా" అంది. శాలిని చెయ్యెత్తింది. నడుములో కత్తి దిగినట్టయింది. ఒళ్ళంతా చలి పట్టి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఆ చీరతోనే చీరలు పరిచే పరుపు మీదకి ఒరిగిపోయింది.

"అయ్యో, చీర!" అని ఎవరో అన్నారు. ఆ మాట శాలిని చెవిన పడింది. మనిషిని తర్వాత చూశారు.

యేసుకుమార్ పరుగున వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. శౌరమ్మ వెనకాలే ఆటోలో వచ్చింది. అక్కడ డాక్టర్ భానుశ్రీ అని ఒకావిడ. వయసు పెద్దది కాదు గానీ తొందరలేని మనిషి. పరీక్షలు రాసి, ఇంజెక్షన్లు ఇప్పించి, రెండు రోజులు మంచం మీదే ఉంచింది. మూడో రోజు పొద్దున వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారమ్మా?"

"తాగుతానండి."

"ఎన్ని అని అడిగాను."

శాలిని నోరు తెరిచేలోపే శౌరమ్మ అందుకుంది. "నీళ్ళదేముందండీ డాక్టరమ్మ గారూ, దాని ఒంటితత్వమే వేడి."

"పెద్దమ్మగారూ, ఆవిడని చెప్పనివ్వండి. శాలినీ, మీరు పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏం చేస్తారో వరసగా చెప్పండి. నాకేం పనిలేదు, వింటాను."

శాలిని చెప్పింది. మొదట పొడిపొడిగా, తర్వాత ఆపుకోలేక. నిలబడటం, మేకు, బిళ్ళ, గడియారం, మెట్లు, కుర్రాళ్ళ నవ్వు, గడియ లేని తలుపు, సీసా, మల్లెపాదు. భానుశ్రీ చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది.

"మంగళవారం బాగుంటుంది అన్నారు. మంగళవారం మీ ఒంట్లో వేడి ఎక్కడికి పోతుంది?"

ఆ ప్రశ్నకి శాలిని తలెత్తి చూసింది. శౌరమ్మ కూడా చూసింది.

"ఇది మూడోసారి" అంది డాక్టరు. "ఈసారి కిడ్నీ దాకా పాకింది, ఆ చలీ ఆ నడుంనొప్పీ అందుకే. పదేపదే ఇలా పాకితే కిడ్నీ దెబ్బతింటుంది. ఈ మందులతో తగ్గుతుంది, సందేహం లేదు. కానీ మీరు మళ్ళీ అలాగే నిలబడి, అలాగే గొంతు ఎండగట్టుకుని, అలాగే ఆపుకుంటే మళ్ళీ వస్తుంది. జబ్బుకి మందు నా దగ్గరుంది. జబ్బు పుట్టే చోటు మాత్రం మీ షాపు మూడో అంతస్తులో ఉంది. అక్కడికి నేను రాలేనమ్మా. మీరే వెళ్ళాలి."

పది రోజుల తర్వాత శాలిని పనిలోకి వెళ్ళింది. వెళ్ళేముందు గట్టిగా అనుకుంది, ఇవాళ్టి నుంచి తాగుతానని. కానీ సీసా మూత తీయబోయేసరికి లక్ష్మీకాంత్ గడియారం కళ్ళముందు ఆడింది. ఒక గుక్క తాగి మూత పెట్టేసింది. మర్నాడూ అంతే. చావుకన్నా సిగ్గుకి ఎక్కువ భయపడే జాతి మనది, ఏం చేస్తాం. డాక్టరు మాట చెవిలో మోగుతూనే ఉంది, సీసా నిండుగా ఇంటికొస్తూనే ఉంది.

ఆ వారంలోనే ఒకనాడు, షాపులో కరెంటు పని ఉందని శాలినిని పొద్దు వాలకముందే ఇంటికి పంపేశారు. గేటు తీసి, అలవాటు ప్రకారం సీసా మూత తీసి మల్లెపాదు మీదకి వంచబోయింది. పాదు తడిగా ఉంది. నీళ్ళు ఇంకా ఇంకనే లేదు, అంచున బుడగలు కూడా ఉన్నాయి.

"ఎవరు పోశారే నీళ్ళు?"

"నేనే" అంది అక్షయ లోపల్నుంచి. స్కూలు బట్టలు ఇంకా మార్చుకోలేదు. చేతిలో ఖాళీ నీళ్ళ సీసా. తన స్కూలు సీసా.

శాలిని అక్కడే నిలబడిపోయింది. "అది నువ్వు తాగడానికి పోసిచ్చిన నీళ్ళు కదా."

"తాగితే బాత్రూంకెళ్ళాలిగా. మా స్కూల్లో దానికి గడియ లేదమ్మా. ఎవరో ఒకళ్ళు బయట తలుపు పట్టుకోవాలి. పట్టుకోమని అడిగితే అందరికీ తెలుస్తుంది, మగపిల్లలు అరుస్తారు." ఆ పిల్ల ఇదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు చెప్పుకుపోయింది. "ఒరుగు పెట్టుకుంటే దాహం తెలీదులే. నువ్వు పెట్టుకోవూ? నానమ్మ జాడీలోంచి నేనే తీసుకున్నా." జామెట్రీ బాక్సు తెరిచి చూపించింది. వృత్తలేఖిని పక్కన కాగితంలో చుట్టిన ఒరుగు ముక్క.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడో తరగతి నుంచి."

శాలినికి ఆసుపత్రిలో కిడ్నీ అన్నప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. తనకొచ్చింది తనతో పోతుందనుకుంది. ఇది పోయేది కాదు. నాట్ల పొలంలోంచి షాపుకొచ్చింది, షాపులోంచి బడికెళ్ళింది. తల్లి కూతురికి జడ వేయడం నేర్పినట్టు నేర్పకుండానే నేర్పేసింది తను.

వంటింటి గుమ్మంలో శౌరమ్మ నిలబడి అంతా విన్నది. నెమ్మదిగా వచ్చి గడప మీద కూర్చుంది. 

"మా ముఠాలో రావమ్మ అని ఉండేదే అమ్మాయ్. నా ఈడుదే. నాలుగు చాళ్ళు నేను వేసేసరికి ఆరు వేసేది. ముప్పై ఎనిమిదేళ్ళకి పోయింది. ముఖం ఉబ్బి, కాళ్ళు ఉబ్బి పోయింది. వేడి చేసిందన్నాం. అంతా కలిసి మజ్జిగ పోశాం, పసరు పట్టాం. దినం రోజున కూడా వేడి చేసే పోయిందని చెప్పుకున్నాం." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. "దానికి మొదటి ఒరుగు ఇచ్చింది నేను."

శాలిని అత్తగారి పక్కన కూర్చుంది. "మీకెలా తెలుస్తుంది అత్తయ్యా."

"తెలీక చేసింది తెలిశాక చేయకూడదు" అంది శౌరమ్మ. లేచి, గూట్లో జాడీ దించి, అటక మీదకి ఎక్కించేసింది. అక్షయ జామెట్రీ బాక్సులో ముక్కని కూడా తీసి పెరట్లోకి విసిరేసింది. "రేపు నువ్వు షాపులో నీళ్ళు తాగుతావు. తాగి, ఆ బిళ్ళ పట్టుకుని ఎక్కుతావు. గొంతు ఎండగట్టుకుని పద్నాలుగు మంది నిలబడుతుంటే ముఠాపెద్ద ఎవరని నిన్నెవరైనా అడిగారా? నువ్వే అయిపో."

మర్నాడు పదకొండు గంటలకి, పట్టుచీరల సెక్షన్ నిండా జనం ఉండగా, శాలిని సంచీలోంచి సీసా తీసి నిలువునా ఎత్తి గటగటా సగం తాగింది. హెప్సిబా నోరు తెరిచి చూసింది. ముప్పావుగంట పోయాక శాలిని లక్ష్మీకాంత్ టేబులు దగ్గరికెళ్ళింది.

"సార్, బిళ్ళ."

ఆయన గడియారం చూశాడు. శాలిని కదల్లేదు. "టైం ఎంతయింది సార్?" అని మర్యాదగా అడిగింది.

"పావుతక్కువ పన్నెండు" అన్నాడాయన తడబడి.

"ఒంటిగంటకి మళ్ళీ వస్తాను. డాక్టరు గారు చెప్పారు." బిళ్ళని కొంగులో దాచుకోకుండా, దేవుడి పటం పట్టుకున్నట్టు ఎదురుగా పట్టుకుని జనంలోంచి నడిచింది. పైన స్టాకు రూం దగ్గర అదే గొంతు వినబడింది. "టికెట్టు తీసుకున్నట్టున్నారు మేడం, ఏ ఊరు ప్రయాణం?"

శాలిని ఆగింది. "మనుషులందరూ రోజూ వెళ్ళే ఊరే తమ్ముడూ. మీ అమ్మగారు కూడా వెళ్తారు. ఆవిడకి దాహం వేస్తే నీళ్ళిస్తున్నావా, లేక నవ్వుతున్నావా?"

ఆ కుర్రాడు తల దించుకుని చీర మడత పెట్టుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనలేదు.

కిందకి వచ్చేసరికి హెప్సిబా తన సీసా ఖాళీ చేసి చెయ్యి చాచింది. "ఇటివ్వు అక్కా ఆ బిళ్ళ. నాకూ మూడు నెలల నుంచి మంటే. నీకు చెప్పుకోవడానికి సిగ్గేసింది." ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. మధ్యాహ్నానికి బిళ్ళ మేకుకి వేలాడిందే లేదు. ఒక్కొక్కరు వచ్చి, ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నది చెవిలో చెప్పి వెళుతున్నారు. అందరిదీ ఒకటే రోగం. ఎవరికి వాళ్ళు తమ ఒళ్ళే చెడ్డదనుకున్నారు.

లక్ష్మీకాంత్ హడలిపోయి యజమానికి ఫోన్ చేశాడు. వెంకటకృష్ణారావు గారు మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చారు. పొలాలు చేసుకునే కుటుంబం నుంచి వచ్చి వ్యాపారంలో స్థిరపడ్డ మనిషి, అరవై దాటాయి, మాట పెద్దగా ఎత్తరు. ఆడవాళ్ళందరినీ ఒకచోటికి పిలిపించారు.

"ఏంటమ్మా ఇది? మా షాపులో నీళ్ళు తాగొద్దని ఎవరన్నారు మీతో?"

"ఎవరూ అనలేదు సార్" అంది శాలిని. "అనుంటే ఎదురడిగేవాళ్ళం. అనలేదు కాబట్టే ఇన్నాళ్ళు పట్టింది."

"మరి ఆ బిళ్ళేంటి లక్ష్మీకాంత్? నేను పెట్టమన్నానా?"

లక్ష్మీకాంత్ ముందుకొచ్చాడు. "మీరు కాదు సార్. నాలుగేళ్ళ క్రితం పైన బాత్రూం గడియ ఊడిపోయింది. లోపల ఒకరుండగా ఇంకొకరు తలుపు తీస్తున్నారని, పాపం అప్పుడున్న అమ్మాయిలే అడిగితే నేనే బిళ్ళ పెట్టాను. బిళ్ళ లేదంటే లోపల మనిషి ఉన్నట్టు. గడియ వేయిద్దామనే అనుకున్నాం. తర్వాత... బిళ్ళ అలవాటైపోయింది."

ఆ మాటకి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాలుగేళ్ళ నుంచి పద్నాలుగు మంది ఒళ్ళు గుల్లవుతున్నది ఊడిపోయిన ఒక గడియ వల్లనా అని.

సరిగ్గా అప్పుడు మెట్ల దగ్గర అలికిడైంది. "నా కోడలు ఇక్కడే పనిచేస్తుందయ్యా, వదులు" అని వాచ్‌మాన్‌ని తోసుకుంటూ శౌరమ్మ వచ్చింది. చేతిలో క్యారేజీ. శాలిని పొద్దున కంగారులో మర్చిపోయిన అన్నం అది. ఇంకో చేతిలో చిన్న గుడ్డసంచీ.

"ఏంటత్తయ్యా ఇలా వచ్చారు!"

"అన్నం ఇద్దామని. ఈ గుంపేంటి?" సంగతి తెలుసుకుని శౌరమ్మ నేరుగా వెంకటకృష్ణారావు గారి ముందుకెళ్ళి నిలబడింది. బక్కపలచటి ముసలావిడ, నీళ్ళలో నాని నాని చీలిపోయిన కాళ్ళు.

"దండాలండీ బాబుగారూ. నేను నలభై ఏళ్ళు నాట్లేశాను. మీలాంటి పెద్దల పొలాల్లోనే. గట్టు మీద మీరుంటే మడిలో మేం నోరెండగట్టుకున్నాం. మీరు తాగొద్దనలేదు, మేం తాగుతామనలేదు. మీకు కనపడలేదు, మాకు సిగ్గు. ఆ సిగ్గులో మా రావమ్మ పోయింది. మందుకి లొంగని రోగం కాదండీ అది, మాటకి లొంగే రోగం. ఒక్క మాట అడిగుంటే బతికేది. మేం అడగలేదు, మీరు చూడలేదు. ఇప్పుడు నా కోడలు నీడపట్టున, ఏసీలో, పట్టుచీరల మధ్య నిలబడి అదే రోగం తెచ్చుకుంది. మడి మారింది గానీ మనం మారలేదు బాబూ."

గుడ్డసంచీ విప్పింది. లోపల కొత్త ఇత్తడి గడియలు రెండు, కాగితంలో చుట్టిన మరలు. "గడియ లేదని ఆసుపత్రిలో కోడలు చెప్తుంటే విన్నాను. వస్తూ వస్తూ కొన్నాను. స్క్రూడ్రైవరు ఒకటి ఇప్పించండి, నేనే బిగిస్తాను. చేతులు వణకవులెండి."

 వెంకటకృష్ణారావు గారు ఆవిడ చేతిలో గడియ వంక చూశారు. తర్వాత దాన్ని రెండు చేతులతో అందుకున్నారు.

"లక్ష్మీకాంత్, పైకి పద" అన్నారు. ఆయనే మెట్లెక్కారు. మేడం ఏ ఊరని అడిగే కుర్రాడి చేతే మరలు బిగింపించారు. గడియ పడిందో లేదో తనే మూడుసార్లు వేసి తీసి చూశారు. కిందకి వచ్చి, కస్టమర్ల బాత్రూం కూడా ఆడవాళ్ళు వాడుకోవచ్చన్నారు, ప్రతి అంతస్తులో మంచినీళ్ళ క్యాను పెట్టమన్నారు. మేకుకున్న బిళ్ళ తీసి శాలిని చేతికిచ్చారు, ఏం చేస్తావో చెయ్యమ్మా అని.

"కూర్చోడానికి స్టూళ్ళు కూడా సార్, బేరం లేనప్పుడు" అంది హెప్సిబా, సందు దొరికింది కదా అని.

"అది ఆలోచిద్దాం."

"ఆలోచించండి సార్. మేం వారం వారం గుర్తుచేస్తాం." అందరూ నవ్వారు. వెంకటకృష్ణారావు గారు కూడా నవ్వారు. నిజం చెప్పాలంటే స్టూళ్ళు రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అయినా ఆ పిల్లలు వారం వారం గుర్తుచేయడం మానలేదు.

అన్నం తింటూ శాలిని అడిగింది. "ఒకటి ఇక్కడ బిగించారు. రెండోది ఎవరికి అత్తయ్యా?"

శౌరమ్మ సంచీ మూతి కట్టి చంకన పెట్టుకుంది. "బడికి. రేపు పొద్దున నువ్వూ నేనూ వెళ్తున్నాం. హెడ్‌మాస్టరు గారి దగ్గర కూర్చుని, అది బిగించేదాకా లేవం."

వెళ్ళారు కూడా. గడియ బిగించేదాకా లేవలేదు. ఆ మర్నాడు ఇంకో నలుగురు తల్లులు వెళ్ళి బాత్రూంలో నీళ్ళ సంగతి అడిగారు. అది వేరే కథ.

శాలినికి మళ్ళీ జ్వరం రాలేదు. తలనొప్పి తగ్గింది, చిరాకు తగ్గింది, బుగ్గ మీద సొట్ట తిరిగొచ్చింది. "మీ అమ్మ పొగరు దిగిందే" అని యేసుకుమార్ అంటే, "పొగరు కాదు నాన్నా, దాహం" అని అక్షయ దిద్దింది. చెక్కబిళ్ళని మాత్రం శాలిని పారేయలేదు. శుభ్రంగా కడిగి, వంటింట్లో మంచినీళ్ళ బిందె మీద మూతలా పెట్టుకుంది.

మల్లెపాదు నాలుగు రోజులు వాడినట్టయింది. ఎందుకు వాడదు, సీసాలు రెండూ ఖాళీగా ఇంటికొస్తున్నాయి కదా! అక్షయే చూసి, కుళాయి దగ్గర్నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి పోసింది. మొక్క నీళ్ళు మొక్కకి, మనిషి నీళ్ళు మనిషికి.

ఇదమ్మా సంగతి. ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఏం తిన్నావని అడుగుతాం, ఏ మందు వేశావని అడుగుతాం. ఎక్కడ నిలబడుతున్నావు, ఎవరికి భయపడుతున్నావు, ఏ మాట మింగుకుంటున్నావు అని అడగం. కోపిష్ఠిది, పొగరుబోతు అని పేర్లు పెడతాం గానీ, ఆ కోపం వెనక ఎండిపోయిన గొంతుందేమో చూడం. చూడండి. అడగండి. మీ ఇంట్లో ఆడపిల్ల నీళ్ళ సీసా సాయంత్రం చేత్తో ఎత్తి చూడండి, బరువుగా ఉంటే కోప్పడకండి, పక్కన కూర్చోబెట్టుకోండి.

పక్కన పెట్టుకున్న మంచినీళ్ళు ఇప్పుడు తాగండి. తాగి, ఈ కథ గుర్తుపెట్టుకుని ఇంకో నలుగురికి చెప్పండి. చెప్పేముందు వాళ్ళకి కూడా తలా ఒక గ్లాసు ఇవ్వండి. ఒంటికొచ్చే రోగంలో సగం మనుషుల మధ్యే పుడుతుంది, దాన్ని పోగొట్టాల్సిందీ మనుషులమే.